జైలు మనకు, లైసెన్సు ఎవరికి?

(అరకులోయ సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



గంజాయిని మందుగా చట్టం ఒప్పుకోవాలా వద్దా అని పట్నాల్లో చర్చ నడుస్తోంది. డాక్టర్లు మాట్లాడుతున్నారు, కంపెనీలు మాట్లాడుతున్నాయి. గంజాయి అనగానే పోలీసు జీపు గుర్తొచ్చే మన్యం గొంతు అక్కడ లేదు. అందుకే మనం మాట్లాడాలి.

ముందొక మాట. గంజాయి తాగమని మనం చెప్పడం లేదు. మన పిల్లల్ని బడి మాన్పించి మూటలు మోయిస్తున్న సరుకు అది. సర్వరోగాలకూ అదే మందనడం కూడా అబద్ధం. అయితే కేన్సర్ వైద్యంలో వచ్చే వాంతులకు, పిల్లల్లో కొన్ని మొండి మూర్ఛలకు ఆ మొక్క పదార్థాలతో చేసిన మందులు పనిచేస్తాయని తేలింది. అలాంటి మూర్ఛ మందొకదాన్ని 2018లో అమెరికా ఆమోదించింది.

మన 1985 మాదకద్రవ్యాల చట్టం కూడా తలుపు పూర్తిగా మూయలేదు. వైద్యానికి, శాస్త్ర పరిశోధనకు మినహాయింపు ఉంది. 2018లో ఉత్తరాఖండ్ మత్తు బాగా తక్కువున్న రకాన్ని నార కోసం పండించడానికి లైసెన్సు ఇచ్చింది. 2024 సెప్టెంబరులో హిమాచల్ శాసనసభ మందులకు, పరిశ్రమలకు సాగును అనుమతించాలన్న కమిటీ నివేదికను ఆమోదించింది.

మరి మనకేం జరిగింది? 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన్ పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. పెట్టుబడి పెట్టిన దళారీ తెరచాటునే ఉంటాడు. దొరికేది మూట మోసిన కూలీ. 20 కిలోలు దాటితే శిక్ష 10 ఏళ్ళకు తగ్గదు. బెయిలు గగనం.

రేపు ఇక్కడా లైసెన్సులు ఇస్తే? కేసున్నవాడు పనికిరాడంటే మనోళ్ళు బయటే. లక్షల డిపాజిట్ కట్టమంటే పోడు రైతు బయటే. లోపలికి పోయేది కంపెనీ.

దారి లేదనకండి. నల్లమందు చూడండి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు కేంద్రం లైసెన్సుతో పండిస్తున్నారు, ప్రభుత్వం కొంటోంది. దాన్నుంచే నొప్పి తగ్గించే మార్ఫిన్ వస్తుంది. అది సులువుగా దొరకాలని 2014లో చట్టం సవరించారు. అయినా జబ్బు మనిషిని డోలీలో మోసుకుని రోడ్డెక్కించే ఊళ్ళు మనకింకా ఉన్నాయి. చట్టం మారినంత మాత్రాన మందు కొండెక్కదు.

కాబట్టి మనం అడగవలసినవి మూడు. ఒకటి, మార్ఫిన్ ఇప్పుడే, పరీక్షల్లో నెగ్గిన గంజాయి మందులు వచ్చినప్పుడు, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వాలి. రెండు, ఏజెన్సీలో సాగుకు అనుమతిస్తే ఆదివాసీ రైతుల సంఘాలకే ఇవ్వాలి. 1/70 చట్టాన్ని ఏ లీజు పేరుతోనూ దాటనివ్వరాదు. మూడు, మోత కూలీ కేసును లైసెన్సుకు అడ్డు పెట్టరాదు.

అంతవరకు ఎవడి మూటా మోయకండి. కేసులో ఇరుక్కున్నవాళ్ళు ఉచిత వకీలును అడగండి. 1987 చట్టం ప్రకారం అది ఎస్సీ, ఎస్టీల హక్కు. ఈ మూడు కోర్కెలూ ప్రతి గ్రామసభలో తీర్మానంగా రాసి పాడేరు ఐ.టి.డి.ఏ.కు పంపుదాం.

జై భీమ్!