నాము – విషపు తూకము



అనంతపురము సీమలో పశువులుగల ఇంటివారికి 'నాము' అను మాట తెలియకుండుట అరుదు. కోసిన జొన్న మోళ్లనుండి వచ్చు పిలకకును, వానలేక గిడసబారిన లేతజొన్నకును మావారు ఈ పేరు వాడుదురు. దానిని మేసిన ఆవు కొన్ని నిమిషములలో తూలును, నోట నురుగు వచ్చును, ఎగశ్వాసతో పడిపోవును. గంట తిరుగకముందే ప్రాణము పోవచ్చును. పాము కరచినదేమో యని పశువు కాళ్లు తడవి చూచువారిని నేనెరుగుదును. ఈ విషమును గూర్చియు, నోటివెంట లోనికిపోవు విషమును శాస్త్రజ్ఞులు ఎట్లు తూచి చెప్పుదురో దానిని గూర్చియు నేడు కొంత మనవి చేసెదను.

నేను పశువైద్యుడను. ఈ జిల్లా పల్లెలలో చాలకాలము తిరిగినవాడను. ముందుగా నా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. ఉద్యోగములో చేరిన తొలి యేండ్లలో కల్యాణదుర్గమువైపు ఒక పల్లెకు పోయితిని. జూనులో ఒక పదును వాన పడి జొన్న మొలచినది. తరువాత నలువది దినములు చినుకు లేదు. ఒక పెద్దరైతు నన్ను చేనిగట్టునకు తీసికొనిపోయి, "సామీ, వామి అయిపోయింది. ఇంగ ఈ జొన్న తప్ప ఏమీ లేదు. మేపొచ్చునా?" అని అడిగెను. గట్టుమీదనే నిలిచి చూచితిని. పైరు నడుమెత్తున పచ్చగానే యున్నది. "పరవాలేదు, మేపుము" అంటిని.

మరునాడు కబురు వచ్చెను. ఆ చేనికి అవతలికొన గరుసునేల. అక్కడి పైరు జానెడెత్తున ముడుచుకొని యున్నది. గట్టునుండి అది నాకు కనబడలేదు. ఆవులు రెండును తిన్నగా అక్కడికే పోయినవి. నేను చేరునప్పటికి ఒకటి చనిపోయినది. రెండవదానికి నరములోనికి మందెక్కించి బ్రతికించితిని. ఆ రైతు నన్ను పరుషముగా ఒక మాటయైన ననలేదు. "తెలీక జరిగింది, పోనీ సామీ" అనెను. తెలిసికొనుటకు వీలులేనిదైనచో ఆ మాట నన్ను ఊరడించి యుండును. తెలిసికొనుటకు వీలున్నది.

1902లో డన్‌స్టన్, హెన్రీ అను ఇద్దరు ఆంగ్ల రసాయనవేత్తలు జొన్నమొక్కనుండి ఒక పదార్థమును వేరుచేసి, జొన్నకు అరబ్బీలోగల పేరునుబట్టి దానికి 'ధురిన్' అని పేరుపెట్టిరి. ధురిన్ తనంతట తాను చంపునది కాదు. దానిని విడగొట్టు ద్రవ్యము అదే ఆకులో వేరొకచోట నుండును. ఆకు నలిగినప్పుడు రెండును కలిసి హైడ్రోసయనికామ్లము పుట్టును. నెమరువేయు పశువు పెద్దకడుపులోని సూక్ష్మజీవులును ఈ పనికి తోడ్పడును. కావుననే గుఱ్ఱముకంటె ఆవునకు ఈ యపాయ మెక్కువ. ఈ విషము లోనికి పోయినచో, రక్తములో ప్రాణవాయువు నిండియున్నను, దేహములోని కణములు దానిని వాడుకొనలేవు. నీళ్లకుండ ప్రక్కనుండగా దప్పికతో చచ్చుటవంటిది. అట్టి పశువు రక్తము మామూలుకంటె మిక్కిలి ఎఱ్ఱగా నుండును.

లేతమొక్కలో ధురిన్ ఎక్కువ, ముదిరినకొలది తగ్గును. వాన మొగము చాటుచేసి మొక్క వాడినప్పుడు మరల హెచ్చును. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన; అదియు నమ్మదగినది కాదు. నైరుతి మేఘములను పడమటి కనుమలు ఆపును. ఈశాన్యపు మేఘములు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. కాబట్టి మేత లేని కాలమును, మేతలో విషముండు కాలమును ఇచ్చట ఒక్కటే. ఇదియే చిక్కు. గడ్డి పుష్కలముగా నున్న ఊరిలో "నాము మేపకుడు" అని చెప్పి వచ్చుట సులభము.

ఇక తూకమునకు వత్తము. ఆవు దేహపు తూకములో కిలో ఒక్కంటికి సుమారు 2 మిల్లీగ్రాముల హైడ్రోసయనికామ్లము ప్రాణాంతకమని పశువైద్యులు లెక్కింతురు. మన నాటు ఆవు 250 కిలోలు తూగుననుకొందము. అప్పుడు 500 మిల్లీగ్రాములు. అనగా అరగ్రాము, చిటికెడు ఉప్పంత. పచ్చిమేత కిలో ఒక్కంటికి 200 మిల్లీగ్రాముల విషము పుట్టునట్టి జొన్నయైనచో, రెండున్నర కిలోలకే ఆ చిటికెడు నిండును. ఆకలిగొన్న ఆవు అంతమేత తినుటకు రైతు ఒక చుట్ట కాల్చి పారవేయునంతసేపు చాలును.

ఐతే అదే ఆవు అదే మేతను ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు కొంచెము కొంచెముగా తినినచో బ్రతుకవచ్చును. ఏలయనగా, కొలది విషమును దేహము గంధకముతో కలిపి నిరపాయముగా మార్చుకొని మూత్రములో వెడలగొట్టును. విషము వచ్చు వేగము ఆ మార్పు వేగమును మించినప్పుడే మరణము. శాస్త్రజ్ఞులు 'తీక్ష్ణ విషత్వము' అనునది ఇదియే: ఒక్కసారిగా, లేక ఒక్కదినములోగా, నోటివెంట పోయిన మాత్ర చేయు కీడు. ఏండ్లతరబడి మన బోరుబావుల నీటిలోని ఫ్లోరైడు ఎముకలకు చేయు కీడు దీనికి వేరు. దానిని ఈ త్రాసుతో తూచరాదు.

ఈ త్రాసును చేసినవాడు ట్రెవన్ అను ఆంగ్లేయుడు. అంతకుముందు ఔషధముల బలమును కొలుచువారు, జంతువును చంపగల మాత్రలలో మిక్కిలి చిన్నది ఏదియని వెదకుచుండిరి. కాని ఒక చుంచు కొద్దిమాత్రకే చచ్చును. దాని తోబుట్టువు రెట్టింపునకు కూడ చావదు. ఒక్కచోట వచ్చిన లెక్క మరొకచోట రాదు. 1927లో ట్రెవన్, మిక్కిలి బలహీనమైన జంతువును వెదకుట మాని, గుంపులో సగము చచ్చు మాత్రను పట్టుకొనుడని చూపెను. ఆ సగము దగ్గర లెక్క నిలకడగా వచ్చును. దానినే నేడు ఎల్.డి. 50 అందురు. దేహపు తూకము కిలో ఒక్కంటికి ఇన్ని మిల్లీగ్రాములని దానిని చెప్పుదురు. సంఖ్య చిన్నదైనకొలది విషము పెద్దది. ఇంటి ఉప్పునకును ఎలుకలలో ఇట్టి సంఖ్య యున్నది. అది సుమారు 3,000. సోడియం సయనైడునకు 6.4.

పరీక్ష చేయుపద్ధతి వినుటకు కఠినముగా నుండును. ఎలుకలకు రాత్రి మేత ఆపి, తూచి, గొట్టముద్వారా మందును కడుపులోనికి పంపి, పదునాలుగు దినములు కనిపెట్టి చూతురు. పూర్వము ఒక్కొక్క పదార్థమునకు ఎన్నో ప్రాణులు బలియగుచుండెను. అనేక దేశములు కలిసియున్న ఓ.ఇ.సి.డి. సంస్థ 1981లో తెచ్చిన ఆ పాత పద్ధతిని 2002 చివర తొలగించెను. ఇప్పటి పద్ధతులలో నొకదానియందు మెట్టుకు మూడేసి ఎలుకలనే వాడి, 5, 50, 300, 2,000 మిల్లీగ్రాములను మెట్లలో ఏ మెట్టున ప్రమాదమో నిర్ణయింతురు. మరియొకదానియందు మరణము వరకు పోక, స్పష్టమైన బాధ కనబడినచోటనే ఆగుదురు. సంఖ్య కొంత మోటైనను పనికి చాలును. ఇది మంచి మార్పని నా యభిప్రాయము.

ఈ సంఖ్యను మన రైతులు ఎరుగకయే దినమును చూచుచున్నారు. పురుగుమందు డబ్బాపై నుండు రంగుల గుర్తు ఇదియే. 1958లో కేరళలో పారథియాను అను పురుగుమందు రవాణాలో గోధుమపిండికి అంటి నూరుమందికి పైగా చనిపోయిరి. ఆ ఘోరము తరువాత 1968లో పురుగుమందుల చట్టమును, 1971లో దాని నిబంధనలును వచ్చెను. నోటివెంట ఎల్.డి. 50 సంఖ్య 50 వరకు ఐనచో ఎఱుపు, 500 వరకు పసుపు, 5,000 వరకు నీలము, ఆ పైన ఆకుపచ్చ. ఆకుపచ్చయన్నంత మాత్రమున తినదగినదని కాదు. సగము ఎలుకలు చచ్చు మాత్రను చెప్పు సంఖ్య, ఏ మాత్రవద్ద వాంతులు మొదలగునో చెప్పదు. మందు పట్టించిన వేరుసెనగ విత్తనము మిగిలినదని మేకలకు వేయు ఇండ్లున్నవి. వారు డబ్బా పై గుర్తును మేకకంటికి చూపలేరు గదా.

పైగా ఎలుక ఆవు కాదు. సోడియం సయనైడులో అసలు విషభాగమును లెక్కగట్టినచో ఎలుకకు 3.5 మిల్లీగ్రాములు వచ్చును. ఆవుకు 2 చాలునంటిమి. ఆ ఎలుక సంఖ్యనే పట్టుకొని ఆవునకు మేత కొలిచినచో చేనిగట్టుమీద నిలిచి నేను చేసిన తప్పే అగును.

మరి చేనిలో తెలిసికొనుట ఎట్లు? గిన్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1906లో చూపిన ఉపాయము చౌకైనది. వడపోత కాగితపు ముక్కలను సోడియం పిక్రేటు ద్రావకములో తడిపి ఆరబెట్టవలెను, పసుపుగా నుండును. జొన్న ఆకును ముక్కలుచేసి సీసాలో వేసి, కొన్ని చుక్కల క్లోరోఫారము చిలికి, కాగితము ఆకుకు తగలకుండ వ్రేలాడదీసి బిరడా బిగించవలెను. విషమున్నచో కాగితము పసుపునుండి నారింజకును, ఇటుకరంగుకును తిరుగును. విషము హెచ్చుగా నున్నచో త్వరగా తిరుగును. ఇది పశువైద్యుడు చేయవలసిన పని. ఆ ద్రావకమును పిల్లలకు అందనీయరాదు. ఆకు తెచ్చునప్పుడు మాత్రము చేనిలోని మంచి మొక్కను తేకుడు; అన్నిటికంటె గిడసబారినదానిని తెండు. ఆవు మీ నమూనాను చూచి మేయదు.

ఒక హెచ్చరిక. ఎండకు వాడిన జొన్నలో నత్రితములను వేరు విషము కూడ చేరవచ్చును. ఈ కాగితము దానిని చూపదు. అప్పుడు రక్తము ఎఱ్ఱగా గాక కాఫీరంగున నుండును. నాముకు వాడు సోడియం నైట్రైటు మందు అప్పుడు కీడే చేయును. కావున రక్తమును చూడక మందెక్కింపరాదు.

కొన్నియేండ్లకు ఆ రైతు కొడుకు ఒక సంచిలో జొన్నపిలకలు తెచ్చి నా బల్లపై పెట్టెను. కాగితము పావుగంటలో ఇటుకరంగైనది. పూత వచ్చువరకు మేపవద్దంటిని. "అంతవరకు ఆవులకేం చెప్పమంటావు సామీ?" అని అతడడిగెను. నా సీసాలో ఆ ప్రశ్నకు సమాధానము లేదు. పొరుగూరి బంధువులవద్ద రెండు బండ్ల వేరుసెనగ కట్టె బదులు తెచ్చుకొని, దానినే కొలిచి కొలిచి వేసి వారు దినములు గడపిరి. ఆగస్టు చివర వాన పడినది. లేత చివుళ్లు లేచినవి, మరల ఆగుమంటిని. వెన్ను తీసి పూత పూర్తియైన పిదప అవతలికొన మొక్కలనే తెచ్చి చూచితిమి. కాగితము మరునాటివరకు పసుపుగానే యుండెను.

మొదటిదినము ముందుగా ఎండుమేత వేసి, పిదప ఒక మోపు జొన్న వేసిరి. నాకు నమ్మకము చాలక సాయంకాలమువరకు ఆ కొట్టములోనే కూర్చుంటిని. దీపములు పెట్టువేళకు ఆవు పడుకొని నెమరువేయుచుండెను.