వేణ్ణీళ్లకు చన్నీళ్లు

(తిరుపతిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో ఆడవాళ్లు ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకునే మార్గాలేమిటో చెప్పమని నన్ను అడిగారు. చెబుతాను. ముందుగా ఒక సామెత గురించి మాట్లాడుకోవాలి. 'వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు' అంటాం. మగవాడి సంపాదన వేణ్ణీళ్లు, మనది చన్నీళ్లు. కానీ నేను చూసిన చాలా ఇళ్లలో బియ్యం, కూరాకు, పిల్లల ఫీజు, అత్తగారి మందులు అన్నీ ఈ చన్నీళ్ల మీదే నడుస్తున్నాయి. అయినా దాని పేరు మాత్రం 'ఏదో తోడు'. పేరు అలా ఉన్నంతకాలం రేటు కూడా అలాగే ఉంటుంది.

పూల పని తీసుకోండి. తిరుమల కొండ మీద భక్తులు పూలు పెట్టుకోరు, పూలన్నీ స్వామికే. కొండ కింద మాత్రం పెళ్లిళ్లకు, గుళ్లకు, జడలకు ఏడాది పొడవునా పూలు కావాలి. వ్యాపారి మల్లెలు, కనకాంబరాలు తూచి ఇంటికి ఇచ్చి వెళతాడు. కట్టినందుకు ఇంత అని ఇస్తాడు. ఒక అక్కను అడిగాను, ఎన్ని గంటలు కడతావు అని. "గంటలెవరు చూసినారు మా? వంటయినాక కూచుంటా, పిల్లోళ్లు నిద్రపోయినాక మళ్లా కూచుంటా. ఊరికే ఉంటే ఏమొస్తాది, కూరాకుకన్నా అవుతాది కదా" అంది. పక్కనే ఎనిమిదో తరగతి కూతురు కూడా కడుతోంది. ఆ పిల్ల గంటలు అసలు ఏ లెక్కలోనూ లేవు.

చింతపండు పని ఇంకా కష్టం. ఎండాకాలం మొదలయ్యేసరికి మన పడమటి మండలాల్లో ఏ అరుగు మీద చూసినా ఇదే పని. పెంకు ఒలవాలి, కొట్టి పిక్క తీయాలి, ఈనెలు లాగాలి. పులుపుకు వేళ్లు పగిలి, రాత్రి అన్నం కలుపుకుంటే మంట. నడుము సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ మీరంతా నాతో కలిసి ఒక లెక్క వేయండి. ఉదాహరణకు కిలోకు 10 రూపాయలు ఇచ్చారనుకుందాం, ఒక కిలో శుభ్రం చేయడానికి ముప్పావు గంట పట్టిందనుకుందాం. గంటకు 13 రూపాయల చిల్లర. ఎనిమిది గంటలు తల ఎత్తకుండా కూర్చున్నా 107 రూపాయలకు మించదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు, అదీ ఆడా మగా తేడా లేకుండా. మీ వీధిలో రేటు వేరుగా ఉండొచ్చు. మీ అంకెలు పెట్టి మీరే చూడండి. రోజులెక్కకు మార్చి చూడనంతకాలం ముక్కలెక్క మనల్ని మోసం చేస్తూనే ఉంటుంది.

దీనికి చట్టం లేదా అని అడుగుతారు. ఉండేది. 1948 నాటి కనీస వేతనాల చట్టం, సరుకు ఇంటికి తీసుకెళ్లి పనిచేసి ఇచ్చే మనిషిని కూడా ఉద్యోగి నిర్వచనంలో స్పష్టంగా చేర్చింది. అది మన చేతికి అందింది తక్కువే, కానీ కాగితం మీద మాట ఉండేది. ఆ చట్టం, 1976 నాటి సమాన వేతన చట్టం రెండూ 2019 వేతనాల కోడ్‌లో కలిసిపోయాయి. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అందులో ఉద్యోగి నిర్వచనంలో ఇంటికి సరుకు తెచ్చుకుని పనిచేసే మనిషి ప్రస్తావన లేదు. ఇంటి దగ్గర పనిచేసే కార్మికుల నిర్వచనం 2020 సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. అంటే మనం సంక్షేమ పథకాల జాబితాకు చేరాం, కూలి జాబితాలోంచి జారాం. అయితే వేతనాల కోడ్‌లోనే ఒక సందు ఉంది. ప్రభుత్వం ఫలానావారిని ఉద్యోగులుగా ప్రకటించవచ్చు. చింతపండు, పూలు, అగరుబత్తి పనివాళ్లను అలా ప్రకటించమని అడగడమే మన మొదటి కోరిక కావాలని నా అభిప్రాయం. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో ఇంటి పనివారి కోసం 177వ ఒడంబడిక చేసింది. అందులో 'సేవ' సంస్థ ఆడవాళ్ల కృషి ఉంది. మన దేశం మాత్రం దాన్ని ఆమోదించలేదు.

శ్రీకాళహస్తి కలంకారీ గురించి అందరూ గర్వంగా చెబుతారు. చెప్పుకోవలసిందే. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోకపోతే ఆ కళ ఎప్పుడో అంతరించేది. బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టడం, ఉతకడం, రంగు నింపడం వంటి పనుల్లో ఎందరో ఆడవాళ్ల చేతులున్నాయి. గీసినవాడి పేరు తెలుస్తుంది, రంగు నింపిన ఆమె పేరు తెలియదు. నేర్చుకోవాలనుకునే చెల్లెళ్లకు నా సలహా: రంగు నింపడం దగ్గరే ఆగిపోవద్దు, గీత నేర్చుకోండి. బేరం అక్కడే ఉంది.

పాల సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. పేడ తీసేది, గడ్డి కోసేది, పాలు పితికేది మనం. పాలకేంద్రంలో పుస్తకం ఎవరి పేరు మీద ఉంది? ఇంటికి వెళ్లి చూడండి.

ఇక కల్యాణకట్ట. తిరుమలలో తలనీలాలిచ్చే ఆడవాళ్లు లక్షల్లో ఉంటారు. దేవస్థానం వేలంలో జుట్టును పొడవును బట్టి రకాలు చేస్తారు. బాగా పొడుగున్నది మొదటి రకం, దానికే ఎక్కువ ధర. అంత పొడుగు జుట్టు ఎవరిదో చెప్పాలా? అయినా ఏళ్ల తరబడి ఆ తలలు గీసింది మగవాళ్లే. సిగ్గుతో తల వంచుకుని కూర్చున్న ఆడవాళ్లను మనమంతా చూశాం. నాయీబ్రాహ్మణ కుటుంబాల ఆడవాళ్లు ఈ పని మేమూ చేస్తాం అని ముందుకొచ్చాక, 2000 తర్వాతి దశాబ్దంలో అక్కడ మహిళా క్షురకులు వచ్చారు. వాళ్లు కొత్త పని కనిపెట్టలేదు. కళ్ల ముందున్న పనిలో తమ వాటా అడిగారు. కొండ చుట్టూ ఇలాంటి పనులు ఇంకా ఉన్నాయి. స్వామికి వాడిన పూలతో 2021 నుంచి అగరుబత్తీలు తయారవుతున్నాయి. అలాంటిచోట్ల ఎవరికి పని ఇస్తున్నారు, ఏ లెక్కన ఇస్తున్నారు అని అడగవలసింది మనమే.

అప్పు గురించి కూడా చెప్పాలి. కుట్టుమిషన్‌కు అప్పు, ఆవుకు అప్పు, దుకాణానికి అప్పు. 1982లో డ్వాక్రా వచ్చినప్పటి నుంచి పొదుపు మనకు బలం ఇచ్చింది, కాదనను. కానీ అప్పు ఆదాయం కాదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోయాక, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వారం వారం కంతు కట్టాలంటే ఆ పని వారం వారం డబ్బు తేవాలి. చింతపండు మూడు నెలల పని. అది చూసుకోకుండా సంతకం పెట్టకండి, మీ గుంపులో ఎవరిచేతా పెట్టించకండి.

మరి రేపటి నుంచి ఏం చేద్దాం? ఒంటరిగా వ్యాపారిని రేటు అడిగితే "ఇష్టం లేకపోతే మానుకో, పక్కింట్లో ఇస్తా" అంటాడు. నాకూ ఆ మాట వినిపించారు, పాతికేళ్ల కింద, పూలబుట్ట ముందు. అందుకని పక్కింటామెతోనే మొదలుపెట్టాలి. ఒక వీధికి ఒకే రేటు. సరుకు ఇచ్చినప్పుడు తూకం, తేదీ, రేటు రాసిన చీటీ. చీటీ లేనిదే మనం ఫలానావారికి పని చేశామని ఏ అధికారి దగ్గరా నిరూపించలేం. ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకునేటప్పుడు వృత్తి దగ్గర 'గృహిణి' అని రాయనివ్వకండి, చేసే పని పేరే రాయించండి.

తలుపు దగ్గర బల్ల మీద నలభై నోటుపుస్తకాలు పెట్టాం. తెచ్చిన సరుకు, ఇచ్చిన సరుకు, పట్టిన గంటలు, వచ్చిన డబ్బు, ఇంకెవరి చేయి పడింది. ఈ అయిదూ రోజూ రాయండి. చదువు రానివాళ్లకు పిల్లలు రాసిపెడతారు, వాళ్ల గంటలు కూడా అందులోనే రాయమనండి. నెల తిరిగాక ఆ పుస్తకాలతోనే ఇక్కడ కూర్చుందాం. కార్మిక శాఖ అధికారికి ఇచ్చే అర్జీలో ఏ అంకె వేయాలో అప్పుడు తేలుతుంది.