ఎయిర్ కూల్డ్ బండికి టర్బో పెడితే ఆ వేడి ఎటు పోతుంది?

గిద్దలూరు, కంభం, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి చూసే తమ్ముళ్ళూ, ఈ ఎపిసోడ్ మీ వల్లే వచ్చింది మరి. రెండు నెలలుగా ఒకటే ప్రశ్న: "అన్నా, నా బుల్లెట్‌కి టర్బో పెట్టించి చెన్నై ట్రాక్‌లో తిప్పాల. ఎంతయితాది?"

డబ్బుల సంగతి పక్కన పెడదాం. మొదట అడగాల్సింది వేరే ఉంది. ఆ వేడి ఎటు పోతుంది?

మీ ఊళ్ళో పంక్చర్ షాపు కంప్రెసర్ చూసే ఉంటారు. పది నిమిషాలు ఆడాక దాని గొట్టం ముట్టుకోండి, వద్దులే, ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. లోపల పెట్రోలేం మండట్లేదు. గాలిని నొక్కితే చాలు, అది వేడెక్కుతుంది. బోర్లు వేసే లారీ మీద కంప్రెసర్ దగ్గర నిలబడినా ఇదే కథ. టర్బో కూడా కంప్రెసరే. సైలెన్సర్ వైపు పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే షాఫ్ట్ మీదున్న రెండో చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోల్ ఎక్కువ పోయొచ్చు, పవర్ వస్తుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు.

తెలియనిది లెక్క. మే నెలలో మార్కాపురంలో మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలు అనుకుందాం. టర్బో 0.5 బార్ బూస్ట్ ఇస్తోంది, అంటే చాలా తక్కువే. మామూలు రకం టర్బో అయితే ఆ గాలి ఇంజిన్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సుమారు 100 డిగ్రీలు. 1 బార్ పెడితే 150కి దగ్గర. ఇంకా స్పార్క్ పడలేదు, మంట మొదలే కాలేదు, గాలే అంత వేడి.

ఇప్పుడు ఇంజిన్ వైపు చూద్దాం. ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కుతూ మోసుకుపోయే వేడి, ఒక లీటరు గాలి మోసే దానికి సుమారు 3500 రెట్లు. అందుకే రేడియేటర్ ఉన్న ఇంజిన్‌కి ఊపిరాడుతుంది. మన బుల్లెట్‌కి ఉన్నది బోరు మీద, హెడ్ మీద రెక్కలు, ఎదురుగాలి, లోపల రెండు రెండున్నర లీటర్ల ఆయిల్. పైగా రెక్కలు ఎంత వేడి వదులుతాయన్నది హెడ్‌కీ గాలికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. హెడ్ 200 డిగ్రీల దగ్గరుందనుకోండి. బయట 25 ఉంటే తేడా 175. బయట 44 ఉంటే తేడా 156. అంటే కూలింగ్‌లో పదో వంతు మన ఎండే తినేసింది. యూరప్‌లో ఎవరో తీసిన వీడియో చూసి ఇక్కడ అదే సెటప్ దించితే కుదరదనేది ఇందుకే.

హెడ్ వేడి పెరిగితే ఏమవుతుంది? స్పార్క్ మంట తన దాకా వచ్చేవరకు పెట్రోల్ ఆగదు, తనంతట తానే మండుతుంది. నాకింగ్. మామూలు బండిలో టకటకమని వినిపిస్తుంది. టర్బో బండిలో చాలాసార్లు అది వినిపించేలోపే పిస్టన్ తల కరిగి ఉంటుంది.

మా వైపు కుర్రాడొకడు, పేరు ఎందుకులే, ఈఎంఐ బండికి ఆన్‌లైన్‌లో కొన్న టర్బో బిగించాడు. ఊళ్ళో బాగానే తిరిగింది. గిద్దలూరు దాటి నంద్యాల పోయే నల్లమల ఘాట్ ఎక్కాడు. ఘాట్ అంటే తెలుసు కదా, స్పీడ్ ఉండదు, థ్రాటిల్ మాత్రం నిండా ఉంటుంది. రెక్కలకి గాలి లేదు, ఇంజిన్‌కి భారం మొత్తం ఉంది. మలుపులో పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం లాక్ అయింది. వెనకాలే లారీ. ఆ డ్రైవర్ అన్న బ్రేక్ వేశాడు కాబట్టి పిల్లోడు ఈరోజు ఉన్నాడు. ఇంజిన్ పట్టేస్తోందని అనిపించిన క్షణం క్లచ్ నొక్కేయండి. టర్బో ఉన్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

మరి ఎయిర్ కూల్డ్‌కి టర్బో ఎవరూ పెట్టలేదా? పెట్టారు, ఘనంగా పెట్టారు. పోర్షే 917/30 అని 1973 నాటి రేస్ కారు, 12 సిలిండర్లు, 5.4 లీటర్లు, రెండు టర్బోలు, 1100 హార్స్ పవర్ పైన. మొత్తం గాలితోనే కూలింగ్, ఇంజిన్ నెత్తిన పెద్ద ఫ్యాన్. మార్క్ డొనోహ్యూ ఆ ఏడాది కెన్-యామ్ ఛాంపియన్ అయింది దాంతోనే. రేసుల్లో ఇంటర్‌కూలర్ లేకుండా నడిచింది. అదే కారుని 1975లో టాలడేగా ఓవల్ మీద స్పీడ్ రికార్డ్‌కి తీసుకెళ్ళినప్పుడు ఇంటర్‌కూలర్లు పెట్టాల్సొచ్చింది. మలుపులున్న ట్రాక్‌లో థ్రాటిల్ వదిలినప్పుడల్లా ఇంజిన్ ఊపిరి తీసుకుంటుంది, ఓవల్ మీద వదలడమే ఉండదు. గంటకు 355 కిలోమీటర్ల పైన కొట్టింది, అది వేరే సంగతి.

రోడ్డు మీది 911 టర్బో కూడా చూడండి. 1975లో 3 లీటర్లు, కంప్రెషన్ 6.5. అంత తక్కువ ఎందుకు? నాకింగ్ భయం. 1978 మోడల్‌కి ఇంటర్‌కూలర్ వచ్చింది, కంప్రెషన్ 7కి పెంచగలిగారు. అదే 1978లో వాళ్ళ రేస్ కారు 935 'మోబీ డిక్'కి హెడ్‌లు నీళ్ళ కూలింగ్‌కి మార్చేశారు, సిలిండర్లు మాత్రం గాలికే వదిలారు. పోర్షే అంతటి వాళ్ళే హెడ్ దగ్గర గాలిని నమ్ముకోవడం మానేశారంటే చూసుకోండి.

బైకుల్లో నాకు నచ్చేది సుజుకి ఎక్స్ఎన్ 85, 1983. పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు పెట్టారు. టర్బో బైకులు నాలుగు జపాన్ కంపెనీలూ చేశాయి, కొన్నేళ్ళకే అందరూ వదిలేశారు. ఆ ఆయిల్ ఐడియా మాత్రం బతికింది.

ఇంత విన్నాక కూడా చేస్తానంటే, సరే, నేనైతే ఎట్లా చేస్తానో చెప్తా. మొదట హెడ్ టెంపరేచర్ సెన్సర్, స్పార్క్ ప్లగ్ కింద వాషర్ లాగా కూర్చునేది. ఆయిల్‌కి ఇంకోటి. స్టాక్ బండి మీదే నెల రోజులు తిప్పి నంబర్లు రాసుకోండి. ఎండలో, ఘాట్ మీద, హైవే మీద. ఇవి లేకుండా టర్బో కొనడం కళ్ళకి గంతలు కట్టుకుని నడపడమే.

తర్వాత రేకు పని. సిలిండర్‌కి ముందు వైపు గాలి తగులుతుంది, వెనక వైపు తగలదు. యాక్టివా విప్పి చూడండి, ఫ్యాన్ చిన్నదే, కానీ చుట్టూ కవర్ ఉంటుంది. గాలి తప్పించుకోకుండా రెక్కల మధ్య నుంచే పోవాలి. పెద్ద ఫ్యాన్ కన్నా సరైన కవర్ ఎక్కువ పని చేస్తుంది, దీనికి ఖర్చు కూడా తక్కువ. ఎవరూ చెయ్యరు, ఎందుకంటే ఫోటోలో బాగుండదు.

ఆయిల్ కూలర్ తప్పనిసరి, టర్బో షాఫ్ట్ కూడా అదే ఆయిల్ తాగుతుంది కాబట్టి. ఇంటర్‌కూలర్ పెడితే ఆ 100 డిగ్రీల గాలిని 60కి దించారనుకోండి, ఒకే బూస్ట్‌లో 12 శాతం ఎక్కువ గాలి పడుతుంది. కానీ దాన్ని సరిగ్గా హెడ్ ముందు బిగించే వాళ్ళున్నారు. దాంట్లోంచి వచ్చిన వేడిగాలి నేరుగా రెక్కలకి పోతుంది! పక్కకి పెట్టండి. కంప్రెషన్ తగ్గించాలి, బూస్ట్‌లో స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగాలి, పెట్రోల్ కొంచెం ఎక్కువ పోయాలి. గాలి-పెట్రోల్ 14.7 కాదు, 12 దగ్గర. ఆ అదనపు పెట్రోల్ ఆవిరవుతూ లోపల చల్లబరుస్తుంది. మైలేజ్ అడక్కండి.

ఒకే సిలిండర్ ఇంజిన్‌కి ఇంకో చిక్కు ఉంది. అది రెండు చుట్లకొకసారే గాలి పీలుస్తుంది. మధ్యలో గాలి నిలవుండే డబ్బా లేకపోతే బూస్ట్ తూలుతుంది.

ఇక ట్రాక్. శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న చెన్నై ట్రాక్ ల్యాప్ 3.7 కిలోమీటర్లు. మూడు ల్యాపులు గట్టిగా, ఒకటి మెల్లగా, ఇట్లా మొదలుపెట్టండి. హెడ్ నంబర్ ల్యాప్ ల్యాప్‌కీ ఎక్కుతూనే ఉంటే ఆపేసి రండి. ఎక్కి ఒకచోట నిలబడితే మీ కూలింగ్ పని చేస్తున్నట్టు. పిట్‌లోకి రాగానే కీ తీసెయ్యకండి, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, ముందు స్టాండ్ ఫ్యాన్ పెట్టండి. లేకపోతే టర్బో షాఫ్ట్ దగ్గర ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

రోడ్డు మీద మాత్రం వద్దు. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్‌ని ఇట్లా మార్చి రోడ్డెక్కితే తప్పే. బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని పోండి. రేసింగే కావాలంటే రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ కప్ 2021 నుంచి నడుస్తోంది. 650 ట్విన్, ఎయిర్-ఆయిల్ కూలింగ్, టర్బో లేదు. దాంట్లో పదో స్థానంలో వచ్చినవాడు కూడా మన టర్బో హీరోలకి మలుపులో కనపడకుండా పోతాడు, నా లెక్క అది.

వచ్చే ఎపిసోడ్‌లో అట్టముక్కతో కొలత తీసి, రేకుతో సిలిండర్ కవర్ చెయ్యడం చూపిస్తా. కత్తెర, రివెట్ గన్ తెచ్చిపెట్టుకోండి.