సాక్షి సంతకం లేని అప్పు

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజినీరుగా నీ అనుభవాలు చెప్పు, పిల్లలకు పనికొస్తాయి" అన్నారు నిర్వాహకులు. నేను పని చేసిన వంతెనల గురించి నాలుగు పేజీలు రాసుకున్నాను కూడా. అయితే పోయిన నెల మన బడి మిత్రుడొకడు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి చేబదులు అడిగాడు. ఎందుకురా అంటే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "కార్డు బిల్లు. ఇంట్లో తెలియదు" అన్నాడు. ఎవరా అని చుట్టూ చూడకండి, చెప్పను. ఆ మౌనం మాత్రం నాకు బాగా తెలుసు. కొన్నేళ్ల క్రితం అది నాదే. అందుకే వంతెనల కాగితాలు జేబులోనే ఉంచి, నా అప్పు సంగతి చెబుతాను.

ముందుగా మన ఊళ్ళో అప్పు ఎలా పుట్టేదో ఒకసారి గుర్తు చేసుకుందాం. తొలకరి పడగానే విత్తనాలకు, ఎరువులకు మా నాన్న అప్పు చేసేవారు. పెద్ద రైతు ఇంటి అరుగు మీద కూర్చుని ప్రామిసరీ నోటు రాసేవారు. రెవెన్యూ స్టాంపు మీద నాన్న సంతకం, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు రూపాయలని చదువు రానివాళ్ళకు కూడా తెలుసు. మూడు రూపాయలకు తెచ్చారంటే "అంత కష్టమేమొచ్చిందయ్యా?" అని దారిలో ఆపి అడిగేవారు. ధాన్యం డబ్బు చేతికి రాగానే ముందు ఆ నోటు వెనక్కి తెచ్చుకుని చించేసేవారు. మాకు కొత్త బట్టలు ఆ తర్వాతే.

మన లెక్కల మాస్టారు బారువడ్డీ, చక్రవడ్డీ నల్లబల్ల మీద చేయించేవారు. "వడ్డీకి వడ్డీ మొదలైతే అది ఆదివారం కూడా సెలవు తీసుకోదురా" అనేవారు. ఆ లెక్కల్లో నాకు ఎప్పుడూ నూటికి నూరే. బళ్ళో వచ్చిన లెక్క బతుకులో ఎలా మర్చిపోయానన్నదే నేను చెప్పబోయేది.

క్రెడిట్ కార్డు మనకు మరీ కొత్తదేమీ కాదు. మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే దాన్ని తెచ్చింది. నాలాంటి మామూలు ఉద్యోగి చేతికి రావడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2004లో మా ఆఫీసు క్యాంటీన్ దగ్గర ఒక కుర్రాడు ఫారం నింపించుకుని, ఒక సంచి బహుమతిగా ఇచ్చి వెళ్ళాడు. పది పన్నెండేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. బిల్లు వచ్చేది, మొత్తం కట్టేసేవాణ్ణి. ఆ తర్వాత రెండో కార్డు, మూడో కార్డు వచ్చాయి.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నాకు ఆపద వచ్చి అప్పు చేయలేదు. ఆసుపత్రి లేదు, పెళ్ళి లేదు. పెద్ద టీవీ, కొత్త ఫోను, బంధువుల ముందు తగ్గకూడదని పెట్టిన కానుకలు, వారానికి రెండుసార్లు హోటలు భోజనం, ఆఫర్ పోతుందని కొన్న వస్తువులు. ఒక నెల మొత్తం బిల్లు కట్టలేకపోయాను. బిల్లు మీద "మినిమమ్ డ్యూ" అని చిన్న అంకె కనిపించింది. అది కట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడే మొదలైంది.

ఇప్పుడు మాస్టారి ముందు ఆ లెక్క చేస్తాను. నా కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. మన ఊరి భాషలో నూటికి మూడున్నర రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. బాకీ లక్ష ఉంటే నెల వడ్డీ 3,500, జీఎస్టీ 630, మొత్తం 4,130. మినిమమ్ డ్యూ 5 శాతం అనుకుంటే నేను కట్టేది 5,000. అంటే అసలులో తగ్గేది 870 రూపాయలు. ఇలా ప్రతి నెలా 5 శాతమే కడుతూ పోతే లక్ష బాకీ యాభై వేలకు దిగడానికి ఆరున్నరేళ్ళు దాటుతుంది. అప్పటికి మనం కట్టింది సుమారు 2 లక్షల 87 వేలు. అదే లక్షకు కొత్త కొనుగోళ్ళు ఆపి నెలకు 10,000 చొప్పున కడితే పద్నాలుగో నెలలో తీరిపోతుంది. మొత్తం కట్టేది సుమారు 1 లక్ష 32 వేలు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ కొంత మిగిలిందంటే కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు ఉండదు. ఈ రోజు కొన్న కూరగాయలకు ఈ రోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో ఆ కార్డుతో నగదు తీస్తే, బాకీ లేకపోయినా మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా రుసుము. మినిమమ్ మాత్రమే కడితే అప్పు ఏళ్ళ తరబడి సాగుతుందన్న హెచ్చరిక రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బిల్లు మీద ఉంటుంది. నేను ఒక్కసారి కూడా చదవలేదు.

2018 జూన్. మా అమ్మాయికి వేరే రాష్ట్రంలో తను కోరుకున్న ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. విద్యా రుణం కోసం ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరు కంప్యూటరు చూసి, తల తిప్పి, "సార్, మీకు మూడు కార్డుల్లో లిమిట్ దాదాపు నిండిపోయింది, రెండుసార్లు గడువు కూడా దాటింది. మీ స్కోరుతో ఈ రుణం కష్టం" అన్నారు. పక్కనే మా అమ్మాయి. నా మొహం వంక చూడలేదు. బయటికి వచ్చాక, "ఫర్వాలేదు నాన్నా, ఇక్కడే చదువుకుంటా" అంది. తక్కువ ఫీజున్న కాలేజీలో చేరింది. ఇవాళ మంచి ఉద్యోగంలో ఉంది, ఆ రోజు సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నా అప్పుల్లో నేను తీర్చలేనిది అదొక్కటే. ఈ మాట ఇక్కడ చెప్పవచ్చా అని తననే అడిగాను. "చెప్పండి నాన్నా, ఇంకో ఇంట్లోనైనా ముందే తెలుస్తుంది" అంది.

ఆ రాత్రి మా ఆవిడ ముందు మూడు బిల్లులు పరిచాను. 3 లక్షల 10 వేలు, 2 లక్షల 20 వేలు, 1 లక్ష 10 వేలు. మొత్తం 6 లక్షల 40 వేలు. తిడుతుందనుకున్నాను. చాలాసేపు చూసి, "నెలనెలా ఎంత కడుతున్నారు?" అంది. 32,000 అన్నాను. "అందులో వడ్డీ ఎంత?" అంది. నా దగ్గర జవాబు లేదు. కూర్చుని లెక్కేశాం. 26 వేల పైచిలుకు వడ్డీకి, జీఎస్టీకే పోతోంది. మిగిలిన ఐదారు వేలు అసలుకు జమ అయితే, అదే నెల అంతకు మించి మళ్ళీ కార్డు మీద గీకుతున్నాను. వంతెన మీదకు ఎంత బరువు వస్తుందో టన్నుల్లో లెక్క చెప్పే మనిషిని, నా ఇంటి మీద ఎంత బరువుందో లెక్క వేయలేదు.

మరునాడు తను బీరువాలోంచి నగలు తీసింది. నేను ఒప్పుకోలేదు. "బంగారం తాకట్టు పెడితే పరువు పోతుందని మీ భయం. ఇక్కడ నూటికి నాలుగు రూపాయలు పోతుంటే పోని పరువు, రూపాయి లోపు వడ్డీకి తెస్తే పోతుందా?" అంది. ప్రభుత్వ రంగ బ్యాంకులో మూడున్నర లక్షలు తెచ్చి కార్డుల బాకీలో కట్టేశాం. మిగిలిన 2 లక్షల 90 వేలకు నెలకు 35,000 చొప్పున కట్టాం. పదకొండో నెలలో కార్డుల బాకీ ముగిసింది. తర్వాత అదే 35,000 బంగారం అప్పుకు మళ్ళించాం. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, మాస్కులు కట్టుకుని వెళ్ళి నగలు విడిపించుకున్నాం. 22 నెలలు పట్టింది. మొత్తం కట్టింది సుమారు 7 లక్షల 60 వేలు. బంగారం లేకుండా అదే 35,000 కార్డులకే కట్టి ఉంటే దాదాపు మూడేళ్ళు, 12 లక్షల పైచిలుకు అయ్యేది.

ఇక్కడ గమనించండి. అంతకు ముందు నెలకు 32,000 కట్టేవాణ్ణి, తర్వాత 35,000. పెరిగింది మూడు వేలే. వడ్డీ తగ్గింది, కొత్త గీకుడు ఆగింది, ఇంట్లో ఇంకొకరికి తెలిసింది. ఈ మూడే మమ్మల్ని ఒడ్డున పడేశాయి.

అప్పటి నుంచి మా ఇంట్లో కొన్ని అలవాట్లు ఏర్పడ్డాయి. ఒకే కార్డు ఉంచుకున్నాం. దాని లిమిట్ బ్యాంకుకు రాసి తగ్గించుకున్నాం. బిల్లు మొత్తం గడువు తేదీన ఖాతాలోంచి దానంతటదే పోయేలా పెట్టాం. ఫోనులోని కొనుగోలు యాప్‌లలో కార్డు నంబరు తీసేశాం. ప్రతిసారీ పదహారు అంకెలూ కొట్టాలంటే సగం కోరికలు అక్కడే చల్లారతాయి. రెండు వేలు దాటిన వస్తువు ఏదైనా మూడు రోజులు ఆగి కొంటాం. ఇన్సూరెన్సు, పండగలు, పెళ్ళి కానుకలు అనుకోని ఖర్చులు కావు, ఏటా వచ్చేవే. వాటి మొత్తాన్ని పన్నెండుతో భాగించి, జీతం పడిన రోజే వేరే ఖాతాలో వేస్తాం. నెలాఖరున ఇద్దరం కూర్చుని పుస్తకంలో రాస్తాం. ఆ అరగంటే మా సాక్షి సంతకం.

ఇప్పటికే ఇబ్బందిలో ఉన్నవారికి రెండు మాటలు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటల ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజుల్లో న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, సహాయానికి 14448 నంబరు ఉంది. బాకీ తీర్చి కార్డు మూసేయమని అడిగితే ఏడు పని దినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకే చెల్లించాలి. 2022 నుంచి ఉన్న నిబంధన ఇది.

కార్డును నేను తిట్టడం లేదు. మొత్తం కట్టేవాడికి అది నలభై యాభై రోజుల వరకు వడ్డీ లేని డబ్బు. నేను తిట్టేది దాని రహస్యాన్ని. మా నాన్న అప్పుకు ఇద్దరు సాక్షులు ఉండేవారు. వాళ్ళ ముందు సంతకం చేసేటప్పుడు, ఇది ఎలా తీరుస్తానని మనిషి ఒక్క నిమిషం ఆలోచించేవాడు. నా అప్పుకు సాక్షి లేడు. అందుకే ఆ నిమిషం నాకు దొరకలేదు.

ఆ రాత్రి ఫోన్ చేసిన మిత్రుడికి నేను డబ్బు ఇవ్వలేదు. మరునాడు వాళ్ళింటికి వెళ్ళాను. వాడు భార్యకు చెబుతుంటే పక్కన కూర్చున్నాను. తర్వాత ముగ్గురం కాగితం మీద లెక్కేశాం. వాడి అప్పుకు ఇప్పుడు ఇద్దరు సాక్షులు. తీరుతుందని నా నమ్మకం. ఈ సభలో ఇంకెవరికైనా సాక్షి కావాలంటే, భోజనాల దగ్గర చెట్టు కింద ఉంటాను. వంతెనల గురించి కూడా అక్కడే చెబుతాను.

మాస్టారూ, చక్రవడ్డీ లెక్క మళ్ళీ తప్పు చేయను. సెలవు.