కొత్త గొంతుకు దారి ఎక్కడ? – ఆస్ట్రేలియా ఇండీ, ఎలక్ట్రానిక్ సంగీతం



ఆస్ట్రేలియా అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది క్రికెట్. ఈనాటి ప్రసంగంలో ఆ దేశపు యువతరం సంగీతాన్ని గురించి తెలుసుకుందాం. ఒక ప్రశ్నతో ప్రారంభిద్దాం. ఎక్కడో చిన్న పట్టణంలో ఉన్న ఒక కుర్రవాడు తన గదిలో కూర్చుని ఒక పాట తయారు చేశాడనుకోండి. అతనికి సినిమా పరిశ్రమలో బంధువులు లేరు, చేతిలో డబ్బు లేదు. ఆ పాట దేశమంతా వినాలంటే ఏం జరగాలి? "అదృష్టం ఉండాలి" అని మీలో చాలామంది అంటారు. అదృష్టం ఒక్కటే చాలదు, దారి కూడా ఉండాలి. ఆ దారిని ఎవరో ఒకరు వేయాలి, దాన్ని కాపాడుకోవాలి. ఈ సంగతిని ఆస్ట్రేలియా ఉదాహరణతో పరిశీలిద్దాం.

ముందుగా రెండు మాటల అర్థం తెలుసుకుందాం. 'ఇండీ' అంటే ఇండియాకు సంబంధించినది అనుకోకండి. ఇండిపెండెంట్ అనే మాటకు అది పొట్టి రూపం. పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడి లేకుండా, కళాకారులు సొంతంగా గాని, చిన్న సంస్థల సాయంతో గాని విడుదల చేసుకునే సంగీతం ఇది. ఇక ఎలక్ట్రానిక్ సంగీతం అంటే సింథసైజర్, శాంప్లర్, కంప్యూటర్ వంటి సాధనాలతో ధ్వనులను పుట్టించి, వాటిని పేర్చి కూర్చే సంగీతం.

ఈ రెండో రకం సంగీతం విషయంలో ఆస్ట్రేలియాకు పాత చరిత్రే ఉంది. సిడ్నీలో తయారైన సైరాక్ అనే కంప్యూటర్ 1951 నాటికే రాగాలు వినిపించింది. కంప్యూటర్ ద్వారా సంగీతం పలికించిన తొలి యంత్రాలలో అది ఒకటి. తరువాత 1979లో అదే సిడ్నీ నగరంలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ కలిసి 'ఫెయిర్‌లైట్' అనే డిజిటల్ శాంప్లర్‌ను తెచ్చారు. కుక్క అరుపైనా, గాజు పగిలిన చప్పుడైనా రికార్డు చేసి, దానిని మీటల మీద స్వరాలుగా వాయించవచ్చు. పీటర్ గేబ్రియల్, కేట్ బుష్ వంటి ప్రముఖులు దానిని వాడారు. అయితే అది ఎంతో ఖరీదైన యంత్రం, సామాన్యులకు అందేది కాదు. ఇప్పుడు అదే పని ఒక ల్యాప్‌టాప్ చేస్తున్నది. సిడ్నీ కుర్రవాడు హార్లీ స్ట్రెటెన్‌కు చిన్నతనంలో అల్పాహారపు సీరియల్ డబ్బాలో ఉచితంగా ఒక సంగీత సాఫ్ట్‌వేర్ సీడీ దొరికింది. ఆయన ఆసక్తి అక్కడ మొదలైంది. 'ఫ్లూమ్' అనే పేరుతో 2012లో తొలి ఆల్బమ్ విడుదల చేశారు. దానిని వెలువరించినది 'ఫ్యూచర్ క్లాసిక్' అనే సిడ్నీ చిన్న సంస్థ. 'స్కిన్' అనే ఆయన ఆల్బమ్‌కు 2017లో గ్రామీ పురస్కారం లభించింది.

యంత్రం చవకైతే పాట తయారవుతుంది. కాని వినేవారి దాకా ఎలా చేరుతుంది? ఇక్కడ ఆస్ట్రేలియా భూగోళాన్ని గుర్తు చేసుకోవాలి. ఆ దేశ వైశాల్యం భారతదేశానికి రెండు రెట్లకు పైగా ఉంటుంది. జనాభా మాత్రం సుమారు 2.7 కోట్లు, అంటే మన తెలంగాణ జనాభా కంటే తక్కువ. పశ్చిమ తీరాన ఉన్న పెర్త్ నుంచి తూర్పు తీరాన ఉన్న సిడ్నీకి విమాన మార్గంలోనే దాదాపు 3,300 కిలోమీటర్లు. వాయిద్యాలు వేసుకుని ఊరూరా తిరిగి పేరు తెచ్చుకోవడం కొత్త బృందానికి ఎంత భారమో ఊహించండి. అందుకే అక్కడ రేడియోకు ప్రాముఖ్యం ఏర్పడింది.

ఆ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ 1975 జనవరిలో సిడ్నీలో యువకుల కోసం 'డబుల్ జె' అనే కేంద్రాన్ని ప్రారంభించింది. వాణిజ్య కేంద్రాలు నిషేధించిన పాటనే తొలి పాటగా వినిపించి, తమ ధోరణి ఏమిటో మొదటి రోజే చాటింది. 1980లో ఎఫ్ఎమ్‌కు మారి 'ట్రిపుల్ జె' అయింది. 1989 నుంచి ఇతర నగరాలకు, తరువాత గ్రామీణ ప్రాంతాలకు విస్తరించింది. ఇందులో వాణిజ్య ప్రకటనలు ఉండవు. కనుక ప్రకటనదారులు ఏమంటారోనన్న జంకు లేకుండా కొత్తవారి పాట వేయగలుగుతుంది.

1995లో ఈ కేంద్రం 'అనర్త్‌డ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అనర్త్‌డ్ అంటే తవ్వి తీసినది అని అర్థం. ప్రాంతాల వారీగా పోటీలు పెట్టి అక్కడి కొత్తవారిని వెతికేవారు. తొలి విజేత లిస్మోర్ అనే చిన్న పట్టణానికి చెందిన 'గ్రిన్‌స్పూన్' బృందం. 2006లో ఇది ఇంటర్నెట్‌కు మారింది. ఇప్పుడు ఏ కొత్త ఆస్ట్రేలియా కళాకారుడైనా తన పాటను ఉచితంగా అక్కడ ఉంచవచ్చు. శ్రోతలు విని అభిప్రాయం రాస్తారు, కేంద్రంలో పనిచేసేవారు కూడా వింటారు. నచ్చిన పాట దేశవ్యాప్తంగా ప్రసారమవుతుంది.

2008 నుంచి పాఠశాల విద్యార్థుల కోసం 'అనర్త్‌డ్ హై' అనే పోటీ కూడా జరుగుతున్నది. 2014లో దానిలో గెలిచిన మెల్‌బోర్న్ విద్యార్థి గాబ్ స్ట్రమ్. 'జాపనీస్ వాల్‌పేపర్' అనే పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తారు. వీధిలో పాడుకునే 'టోన్స్ అండ్ ఐ' అనే గాయని కూడా 2019లో తన పాటను ఇలాగే అందరి ముందు ఉంచారు. అదే సంవత్సరం ఆమె 'డాన్స్ మంకీ' ఎన్నో దేశాలలో మొదటి స్థానానికి చేరింది.

ప్రభుత్వ కేంద్రం ఒక్కటే కాదు. బ్రిస్బేన్‌లో 1975లో, మెల్‌బోర్న్‌లో 1976లో మొదలైన కమ్యూనిటీ రేడియోలు ఉన్నాయి. సిడ్నీలో 2003లో 'ఎఫ్‌బీఐ రేడియో' వచ్చింది. ఇది తాను వినిపించే సంగీతంలో సగం ఆస్ట్రేలియాదే ఉండాలని, అందులో సగం సిడ్నీదే ఉండాలని నియమం పెట్టుకున్నది. ఇటువంటి కేంద్రాలు ఎక్కువగా స్వచ్ఛంద సేవకుల శ్రమతో, శ్రోతల చందాలతో నడుస్తాయి.

భాషల విషయంలో కూడా ఈ దారి ఉపయోగపడింది. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్ నుంచి వచ్చిన 'బేకర్ బాయ్' యోల్ఙు మాతా అనే ఆదివాసీ భాషలో ర్యాప్ చేస్తారు. 2019లో 'యంగ్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' గౌరవం ఆయనకు దక్కింది. తక్కువమంది మాట్లాడే భాషలో కూడా కొత్త సంగీతం పుట్టగలదని ఇది రుజువు చేస్తుంది. తెలుగులో ర్యాప్ రాసుకునే మీవంటి యువకులకు ఇది గమనించదగిన విషయం.

అయితే అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. 2024లో 'గ్రూవిన్ ద మూ', 'స్ప్లెండర్ ఇన్ ద గ్రాస్' అనే రెండు పెద్ద సంగీతోత్సవాలు రద్దయ్యాయి. అటువంటి వేదికల మీద పెద్దవారి ముందు పాడే అవకాశమే కొత్తవారికి మెట్టు. ఆ మెట్టు విరిగింది. ఇక స్ట్రీమింగ్ సంగతి చూడండి. స్పాటిఫై 2024 నుంచి, గడిచిన 12 నెలలలో కనీసం 1,000 సార్లు వినని పాటకు రాబడి ఇవ్వడం మానివేసింది. పైగా అక్కడి యంత్ర గణితం మనం ఇంతకు ముందు విన్నవాటిని బట్టి తరువాతి పాటను సూచిస్తుంది. ప్రపంచమంతటా ఆడే పాటల మధ్య, ఇంకా ఎవరూ వినని పాట ముందుకు రావడం కష్టం. మనిషి చెవి పెట్టి విని, "ఇది బాగుంది, వినండి" అని చెప్పడంలో ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది.

మన దేశంలోనూ ఇటువంటి దారులు వేశారు. ఆకాశవాణి 1969లో ఢిల్లీలో యువవాణిని ప్రారంభించింది. ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గి, గ్రేడు సంపాదించి ఎదిగిన కళాకారులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆడిషన్‌లో నిపుణుల సంఘం తీర్పు చెబుతుంది. అనర్త్‌డ్‌లో శ్రోత కూడా మాట చెబుతాడు. రెండు పద్ధతులకూ వాటి ప్రయోజనం ఉంది.

మరి శ్రోతగా మీరు చేయవలసినది ఏమిటి? ఒక పాట నచ్చితే అక్కడితో ఆగకండి. దానిని విడుదల చేసిన చిన్న సంస్థ పేరు చూడండి. అదే సంస్థ నుంచి వచ్చిన మరొకరిని వినండి. ఆ పాటకు సంగీతం కూర్చినవారు, తోడుగా పాడినవారు ఎవరో చదవండి. కచేరీ ప్రకటనలో అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలలో ఉన్న పేర్లు వెతకండి. కొత్త ధ్వని మొదటిసారి వింతగా ఉంటుంది కనుక కనీసం మూడుసార్లు వినండి. తరువాత నచ్చిందో లేదో, ఎందుకో నాలుగు వాక్యాలు రాయండి. "సూపర్" అని ఒక్క మాట రాస్తే కళాకారుడికి ఉపయోగం లేదు.

ఇదే మీకు ఈ వారం అభ్యాసం. ఆస్ట్రేలియా నుంచి ఒక కొత్త బృందాన్ని, మీ జిల్లా నుంచి సొంతంగా పాటలు కట్టే ఒకరిని ఎంచుకోండి. ఇద్దరినీ విని, ఇద్దరి గురించీ రాసి మీ తరగతిలో చదవండి. మీ తరగతిలో నలభై మంది ఉంటే, అంతవరకు ఎవరూ వినని పాటకు నలభై మంది శ్రోతలు దొరుకుతారు. దారి వేయడమంటే ఇదే.