మన ఫొటో కింద మన పేరు

(హనుమకొండలో ఆదివాసీ యువత కోసం పెట్టిన ఫొటోగ్రఫీ తరగతుల మొదటి రోజు, పరిచయాలు అయ్యాక, నేర్పే మాస్టారు మాట్లాడిన మాటల పాఠం)



పొద్దున్నుంచి కెమెరా సంచి జిప్పు కూడా తీయలేదని మీలో కొందరు గునుస్తున్నరు. నిజమే. రిజిస్టర్‌లో మీ పేర్లున్నయి. ఇంటిపేరు, తండ్రి పేరు, మండలం, సర్టిఫికెట్ నంబరు అన్నీ ఉన్నయి. అవి చూస్తే ఆఫీసుకు మీరు తెలుస్తరు గాని నాకు తెలియరు. ఎవరు ఎక్కడ నిలబడి లోకాన్ని చూస్తున్నరో తెలియకుండా వాళ్ల చేతిలో కెమెరా పెడితే నేను నేర్పగలిగేది బటన్లే. అందుకే మిమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగిన. మీరు చెప్పిన జవాబుల మీదనే ఇప్పుడు మాట్లాడుత.

మొదటి ప్రశ్న: నీ మొట్టమొదటి ఫొటో ఏది? ఎవరు తీసిండ్రు? దాదాపు అందరిదీ ఒకటే జవాబు. ఆశ్రమ పాఠశాలలో, హాస్టల్‌లో చేర్చేటప్పుడు మండలంలో స్టూడియోకు తీసుకపోయి తీయించిన పాస్‌పోర్టు సైజు ఫొటో. వెనక నీలం గుడ్డ, మెడ దాకా గుండీలు, భయపడ్డ కళ్లు. పట్నం పిల్లల మొదటి ఫొటోలో అమ్మ ఒడి ఉంటది. మన మొదటి ఫొటో దరఖాస్తు ఫారానికి అతికించింది. ఇది ఏడుపు కోసం చెప్తలేను. మన ఇండ్లలోకి ఫొటో ఏ దారిన వచ్చిందో తెలుసుకోవాలని చెప్తున్న.

రెండో ప్రశ్న: మీ నాయనమ్మదో, అమ్మమ్మదో ఫొటో ఇంట్లో ఉన్నదా? చాలామంది ఒక్క క్షణం ఆలోచించి, "ఆధార్ కార్డు మీదిది ఉన్నది సార్" అన్నరు. ఒక తమ్ముడు ఇంకో మాట చెప్పిండు. వాళ్ల తాత పోయినంక దండ వేసేందుకు ఫొటో లేకపోతే, ఆధార్ కార్డు మీది బొమ్మనే స్టూడియోలో పెద్దది చేయించిండ్రట. ఎనభై ఏండ్లు బతికిన మనిషి, ఎన్ని పాటలు తెలిసిన మనిషి, ఎన్ని చెట్ల పేర్లు తెలిసిన మనిషి! ఆయన ముఖం మిగిలింది ఒక సర్కారీ యంత్రం రెండు సెకన్లలో తీసిన బొమ్మలో. అది విన్నప్పుడు ఈ గదిలో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అది అందరి ఇంటి కథ.

మూడో ప్రశ్న: మీ ఊరి ఫొటో పేపర్లో, టీవీలో, ఫోన్లో ఎప్పుడు చూసిండ్రు? కొందరు మేడారం జాతర అన్నరు. కొందరు వరద అన్నరు, జ్వరాలు అన్నరు, మంచానికి కట్టి రోగిని మోసుకపోయిన రోజు అన్నరు. అంటే బయటి కెమెరా మన దగ్గరికి వచ్చేది రెండు సార్లే: జాతరకు, ఆపదకు. జాతర రెండేండ్లకోసారి, నాలుగు రోజులు. మరి మిగిలిన 726 రోజులు మనం ఎట్ల బతికినమో ఎవరు తీస్తరు? విత్తనం పెట్టే రోజు, ఇప్పపూలు ఏరే తెల్లవారుజాము, వాగు ఒడ్డున ముచ్చట్లు, పంచాయితీలో పెద్దమనిషి చెయ్యెత్తి మాట్లాడే తీరు. ఆ 726 రోజులే మన సిలబస్.

ఇక కొంచెం చరిత్ర. బ్రిటిష్ సర్కారు 1857 తిరుగుబాటు తర్వాత ఈ దేశంలో ఎవరెవరున్నరో లెక్క పెట్టుకోవాలనుకున్నది. 1868 నుంచి 1875 వరకు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చు వేసింది. నాలుగు వందలకు పైగా ఫొటోలు. అందులో చాలా ఫొటోల కింద మనిషి పేరుండదు, తెగ పేరుంటది. ఈ తెగ నమ్మదగిందా, కొట్లాటలకు పోతదా అన్న తీర్పులు కూడా రాసిండ్రు. చెట్ల పుస్తకంలో ఆకు బొమ్మ కింద జాతి పేరు రాసినట్టు మనుషుల కింద రాసిండ్రు. ఏలేవాడి చేతిలో కెమెరా ఉంటే ముఖం కూడా ఒక ఫైలే.

తర్వాత మన దగ్గరికి హైమండార్ఫ్ వచ్చిండు. ఆయన పేరు మీలో చాలామంది విన్నరు. ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి నిజాం రాజ్యంలోనే ఉండిపోవలసి వచ్చింది. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు తెచ్చిండు. గోదావరి ఒడ్డున ఆయన తిరిగిన కొండరెడ్ల, కోయల ఊర్లు చాలావరకు అప్పుడు వరంగల్ జిల్లాలోనివే. ఖమ్మం 1953లో గాని విడిపోలేదు. ఆయనను నేను తీసిపారేయను. భీం అమరుడైన తర్వాతి రోజుల్లో గోండుల భూముల కోసం నిజాం సర్కారుకు గట్టిగా రాసిండు. మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలు కావడం వెనక ఆయన ఉన్నడు. ఆయన భార్య ఎలిజబెత్ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నది, అక్కడి జనం తమ మనుషులుగా తలుచుకుంటరు. ఆయన తీసిన ఫొటోలు లేకపోతే 1940లలో మన పెద్దల ఇండ్లు, పొలాలు, గుసాడీ కిరీటాలు ఎట్లుండెనో చూసుకునే దిక్కే లేదు.

కాని ఆ ఫొటోలు ఎక్కడున్నయి? లండన్ యూనివర్సిటీలో సోయాస్ అనే సంస్థ దగ్గర ఉన్నయి. కంప్యూటర్లో చూడొచ్చు. చూడండి. చూసేటప్పుడు ఒక పని చేయండి: ఊరి పేరు దొరికితే రాసుకోండి, ఆ ఊరి ముసలోళ్లకు ఫోన్లో చూపించండి. "ఈమె ఫలానా ఆమె తల్లి" అని ఒక్కరు గుర్తుపట్టినా, ఎనభై ఏండ్ల తర్వాత ఒక మనిషికి తన పేరు తిరిగి వచ్చినట్టే. ఆ పని లండన్ చేయలేదు. మీరు మాత్రమే చేయగలరు, ఎందుకంటే ఆ మనుమలు మీ ఊర్లలోనే ఉన్నరు.

బొమ్మతో చరిత్ర చెప్పడం మనకు కొత్తగా ఎవరో నేర్పింది కాదు. కోయల పడిగెలు గుర్తు తెచ్చుకోండి. గుడ్డ మీద బొమ్మలు, ఒక్కో గట్టుకు తన పడిగె, తన మూలం కథ. డోలి కళాకారుడు దాన్ని ముందు పెట్టుకొని వంశాన్ని పాడుతడు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారు అట్ల పాడినందుకే 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనల్ని విడిచిపోయిండు. పడిగెలో నేను గమనించేది ఇది: బొమ్మ ఒక్కటే ఉండదు. బొమ్మ, పాట, పేరు, వినే బంధువులు, నాలుగూ కలిసి ఉంటయి. బ్రిటిష్ వాళ్లు బొమ్మ ఒక్కటే తీసుకపోయిండ్రు. మనం ఫొటో తీసినా పడిగె పద్ధతిలోనే తీయాలె. పేరు లేకుండా, మాట లేకుండా, చూసేవాళ్లలో ఆ మనిషి సొంతవాళ్లు లేకుండా మన ఫొటో ఉండొద్దు.

ఇప్పుడు కెమెరా సంగతి. ఒక చెల్లె అన్నది: "సార్, ఫోన్లో తీస్తే నా ముఖం నల్లగ పడుతది, అందుకే ఫిల్టర్ పెడుత." చెల్లె, తప్పు నీ ముఖంలో లేదు. కెమెరాలోని మీటరు ముందున్న దృశ్యమంతా నడిమి బూడిద రంగు అనుకొని వెలుతురు లెక్క కడుతది. వెనక తెల్లటి ఆకాశమో, సున్నం గోడో ఉంటే ఆ తెలుపును తగ్గించబోయి నీ ముఖాన్ని చీకటి చేస్తది. ఫోన్లో ముఖం మీద వేలు పెట్టి, సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరుపు. మనిషిని ఎండలో కాకుండా వాకిట్లో, చూరు నీడలో, వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టు. నల్లటి చర్మం ఎంత అందంగా వెలుగును పట్టుకుంటదో అప్పుడు చూస్తవు.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. రీలు కాలంలో కోడాక్ కంపెనీ ల్యాబులకు షిర్లీ కార్డు అని ఒకటి పంపేది. తెల్ల అమ్మాయి ఫొటో. ఆమె చర్మం సరిగా కనిపిస్తే రంగులన్నీ సరిగా ఉన్నట్టు లెక్క. నల్ల పిల్లల ముఖాలు ఫొటోల్లో మాయమైతున్నయని తల్లులు మొత్తుకున్నరు. చివరికి ఫిలిం మారడంలో చాక్లెట్ కంపెనీల, చెక్క సామాను కంపెనీల ఫిర్యాదులది కూడా పెద్ద పాత్రే. తమ సరుకు రంగు సరిగ్గా పడతలేదని వాళ్లు అడిగిండ్రు. మనుషుల గోడు కన్నా చెక్క బల్ల గోడు ముందు వినిపించింది! అందుకే ఈ తరగతిలో బ్యూటీ మోడ్ బంద్. అది నునుపు చేసేది చర్మాన్ని ఒక్కదాన్నే కాదు, మనం ఎవరమన్నదాన్ని కూడా.

ఏం తీయాలో ఎంత ముఖ్యమో, ఏం తీయకూడదో అంతే ముఖ్యం. చిలకలగుట్ట మీద సమ్మక్క తల్లి దగ్గర పూజారి ఏం చేస్తడో లోకానికి తెలియదు. లక్షల మంది కింద ఎదురు చూస్తరు, మంత్రులు ఎదురు చూస్తరు, అన్ని చానళ్ల కెమెరాలు ఎదురు చూస్తయి. గుట్ట మీదికి మాత్రం కెమెరా పోదు. ఇంత పెద్ద జాతరలో మన పెద్దలు ఆ ఒక్క గీత గీసి నిలబెట్టుకున్నరు. అది మనకు పాఠం. జంపన్న వాగులో తానం చేసే ఆడబిడ్డల ఫొటోలు తీసి పెట్టేటోళ్లను మీరు చూసిండ్రు, మండిపడ్డరు. రేపు మీ చేతిలో కెమెరా ఉన్నప్పుడు ఆ కోపం గుర్తుండాలె. అడిగి తీయండి. తీసింది చూపించండి. వద్దంటే వాళ్ల ముందే చెరిపేయండి. అవ్వ నవ్వి ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదు. మీ భాషలో అడిగి, నోటి మాట వినండి.

ఇక భూమి ముచ్చట. మీలో పోడు భూమి దరఖాస్తు పెండింగ్‌లో ఉన్న ఇండ్ల నుంచి వచ్చినోళ్లు చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేచినయో చూసిన. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి సాగులో ఉండాలె. 2008 నియమాల్లో 13వ నియమం ఏ ఆధారాలు చెల్లుతయో చెప్తది: ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, ఒడ్లు, చెక్‌డ్యాములు, పాత బావులు, సమాధులు, దేవుని స్థలాలు, పెద్దల వాంగ్మూలం. ఒకటికి మించిన ఆధారాలు చూడాలని కూడా ఉన్నది. ఇందులో సగం ఫొటోకు చిక్కేవే. ఫొటో ఒక్కటే పట్టా తేదు. కాని గ్రామసభ ముందు, కమిటీ ముందు పెద్దమనిషి మాటకు పక్కన నిలబడే సాక్షి అయితది.

అందుకే రెండు పనులు చెప్తున్న. ఒకటి, ఇంటికి పోయి పాత పెట్టెలు తెరవండి. 2005కు ముందటి పెండ్లి ఫొటోలు, పండుగ ఫొటోలు ఉంటే పెండ్లికొడుకును వదిలేసి వెనకాల చూడండి. పొలం ఒడ్డు ఉన్నదా, బావి ఉన్నదా, కంచె ఉన్నదా? రీలు కెమెరా అయితే మూలన తేదీ పడి ఉండొచ్చు. రెండు, ఇప్పుడు తీసే ఫొటో అసలు ఫైలును దాచండి. అందులో తేదీ ఉంటది, లొకేషన్ ఆన్ చేసి ఉంటే స్థలం కూడా ఉంటది. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే ఆ వివరాలు పోతయి. డాక్యుమెంట్‌గా పంపండి. సమాధి రాయి తీసేటప్పుడు దగ్గర నుంచి ఒకటి, చుట్టూ చెట్లు, గుట్ట కనిపించేటట్టు దూరం నుంచి ఒకటి తీయండి.

చివరగా, పొద్దున ఒక చెల్లె నిలబడి అడిగిన ప్రశ్న. "సార్, మేం తీసిన ఫొటోలు తర్వాత ఎవరివి?" ఈ రోజు విన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు తీసినవాళ్లది. నేర్పినందుకు నాకు హక్కు రాదు. ఏ ఫొటో అయినా బయట ప్రదర్శనకు పోవాలంటే తీసినవాళ్లు ఒప్పుకోవాలె, ఫొటోలో ఉన్నవాళ్లు ఒప్పుకోవాలె. కింద మీ పేరే ఉంటది. నా పేరుండదు. ఇది నేను ఉపకారంగా చెప్తలేను. మీరు నన్ను నిలదీయగలిగిన మాటగా చెప్తున్న, రాసి పెట్టుకోండి. పస్తాపూర్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు వీడియో కెమెరా పట్టి, తమ విత్తనాల కథ తామే సినిమాలు తీసి దేశదేశాలు తిరిగిండ్రు. అక్షరం రాని చేతులు ఆ పని చేసినయి. కెమెరా నేర్వడానికి కావలసింది డిగ్రీ కాదు, చెప్పవలసిన మాట. అది మీ దగ్గర దండిగా ఉన్నది.

వచ్చే వారానికి ఒకటే పని. మీ ఊర్లో ఆధార్ కార్డు తప్ప ఇంకో ఫొటో లేని ఒక పెద్దమనిషి దగ్గరికి పోండి. గంట కూర్చోండి. మాట్లాడిన తర్వాతే తీయండి. ఒక్క ఫొటో చాలు. కింద ఆ మనిషి పేరు, ఊరు, గట్టు, వాళ్లు తమ గురించి చెప్పిన ఒక మాట వాళ్ల భాషలోనే, తెలుగు లిపిలో రాయండి. ఒక ప్రింటు నాకు తేండి, ఒక ప్రింటు వాళ్లింట్లో ఇచ్చి రండి. వాళ్లకిచ్చే ప్రింటు ముందు. నాకు తెచ్చేది ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇప్పుడు కెమెరా సంచి విప్పుదాం. జోహార్. జై ఆదివాసీ!