ధర్మార్థపు బిళ్ల అంటిన కవరు
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

తపాలా బిళ్లల సేకరణ అనగానే ఆల్బములో వరుసగా కూర్చిన రంగుల బొమ్మలే చాలామందికి స్ఫురిస్తాయి. కవరు మూల కత్తిరించి, నీళ్లలో నానబెట్టి బిళ్లను ఊడదీయడం పిల్లలకు మొదట అలవడే విద్య. యానాం వంటి ఊళ్లో ఆ విద్య చేసిన నష్టం ఇంతింత కాదు.

ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగరులతో పాటు యానాంలోనూ ఫ్రెంచి తపాలా కచేరీ ఉండేది. ఆ బిళ్లలలో కొన్నింటిపై రెండు విలువలు, నడుమ కూడిక గుర్తు కనిపిస్తాయి. మొదటిది తపాలా రుసుము. రెండవది ఏదో సత్కార్యానికి కొనుగోలుదారు ఇచ్చుకొనే విరాళం. ఉత్తరాన్ని అది ఒక్క అడుగైనా నడిపించదు. చుట్టూ ఉన్న బ్రిటిషు ఇండియా ఇటువంటి బిళ్లలను వెలువరించలేదు. కనుక ఈ విషయంలో యానాం చరిత్ర కాకినాడ చరిత్రకు భిన్నమైనది.

మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన 1914 ఆగస్టులోనే ఫ్రాన్సు రెడ్‌క్రాసు కోసం తన 10 సెంటీముల బిళ్లపై 5 సెంటీముల అదనపు విలువను ముద్రించింది. 1915లో ఫ్రెంచి ఇండియాలోనూ దేవతామూర్తి ఉన్న 10 సెంటీముల బిళ్లపై ఎర్ర శిలువను, 5 సెంటీముల విలువను అచ్చువేశారు. అచ్చు కూర్పు మారినకొద్దీ శిలువ స్థానమూ మారింది. సేకర్తలు ఆ భేదాలకే ప్రాణం పెడతారు. నకిలీలు పుట్టడమూ అక్కడే. పాత బిళ్లపై ఎర్ర శిలువ గుద్దడం ఏమంత కష్టమైన పని కాదు.

1923లో నాణెపు లెక్క ఫనాలు, కాషులలోకి మారింది. 24 కాషులు ఒక ఫనం, 8 ఫనాలు ఒక రూపాయి. 1938లో క్యూరీ దంపతుల బొమ్మతో, కాన్సరు నివారణోద్యమానికై వచ్చిన బిళ్ల వెల 2 ఫనాల 12 కాషులు, దానిపై విరాళం 20 కాషులు. అంటే తపాలాకు 60 కాషులైతే, దానికి 20 కాషులు. మొత్తం 6 అణాల 8 పైలు! ఆ రోజుల్లో సామాన్య గృహస్థు క్షేమసమాచారం రాయడానికి అంత ఖర్చు పెట్టడు. బిళ్లల వర్తకులు, సేకర్తలు వాడని బిళ్లలనే కొని దాచుకొన్నారు. అందువల్ల బిళ్ల దొరికినంత సులువుగా నిజంగా ప్రయాణించిన కవరు దొరకదు.

ప్రయాణించిన కవరంటే ఏమిటి? తారీఖు ముద్ర సగం బిళ్లమీద, సగం కాగితంమీద పడి ఉండాలి. వెనుకవైపు చేరిన ఊరి ముద్ర ఉంటే మరీ మంచిది. అన్నిటికంటె ముఖ్యం, విరాళం తీసివేయగా మిగిలిన విలువ నాటి రుసుముకు సరిపోవడం. ఈ తీసివేత చేయని సేకర్త తరచు మోసపోతాడు. ఒక సేకర్త మరొక సేకర్తకు కావాలనే పంపుకొన్న కవర్లూ ఉన్నాయి. వాటిని తక్కువ చేయనక్కరలేదు గాని, వ్యాపారి బాకీ లెక్కతోనో, బంధువు పెళ్లి కబురుతోనో వెళ్లిన కవరు ముందు అవి నిలువవు.

ఈ వరుసలో 1950లో వైద్యుడు పసిబిడ్డను పరీక్షిస్తున్న బొమ్మతో 1 ఫనం, 10 కాషుల బిళ్ల వచ్చింది. 1954లో ఫ్రెంచి పాలనతో పాటు ఆ తపాలా కూడా ముగిసింది. కొత్తవి ఇక పుట్టవు. ఉన్నవి మాత్రం చెదలకు, గోదావరి తీరపు చెమ్మకు, కత్తెరకు ఏటేటా తరిగిపోతున్నాయి.

యానాం ముద్రను ఫ్రెంచి వర్ణక్రమంలో ‘యానావోఁ’ అని చదువుకోవాలి. ఆ ముద్ర ఉన్న కాగితం తాతగారి పెట్టెలో కనబడితే బిళ్లను ఊడదీయవద్దు, జిగురు టేపు అంటించవద్దు, లామినేషను అసలే చేయించవద్దు. లోపలి ఉత్తరాన్ని కవరుతోనే ఉంచి, తెల్లని పలుచటి కాగితంలో మడిచి, పొడిచోట దాచాలి. పంపినవారు, అందుకొన్నవారు, తారీఖు, రుసుము, ఈ నాలుగూ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టడం పై తరగతుల పిల్లలు ఈ సెలవుల్లోనే చేయదగిన పని. ఇంటి పెద్దలు ఉండగానే అడగాలి. కవరుపై పేరు ఎవరిదో చెప్పగలవారు వారొక్కరే.